డబ్బు వెనక్కి పంపమన్నప్పుడు

(తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాల ఉమ్మడి సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మమ్మల్ని ఆన్‌లైన్ అమ్మకాల గురించి మాట్లాడమన్నారు. ఎంత అమ్మాం, ఎక్కడికి పంపాం అన్నది ఈ నివేదికలోనే పట్టికల్లో ఉంటుంది, చూసుకోవచ్చు. పట్టికలో ఎక్కని సంగతి ఒకటుంది. కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి పంపమని అడిగినప్పుడు మనం ఏం చేస్తున్నాం అన్నది. పోయిన ఏడాది మూడు ఊళ్ళ సంఘాల్లోనూ దీని మీద మాటామాటా వచ్చింది. కొందరు పంపకూడని వాళ్ళకి పంపారు. కొందరు ఆ కథలు విని భయపడి, న్యాయంగా అడిగినవాళ్ళ ఫోను కూడా ఎత్తడం మానేశారు. ఒకదాంట్లో డబ్బు పోయింది, ఇంకోదాంట్లో పేరు పోయింది. అందుకని ఈ ఒక్క విషయమే మాట్లాడదామని మా సంఘంలో అనుకుని వచ్చాం.

ఇదివరకు మనమంతా ఒకే గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక తెనాలి గుంటూరులో ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. కాగితాల మీద వేరయ్యాం గానీ సరుకు మాత్రం కలిసే పోతోంది. తెనాలి సున్నుండలు, బాపట్ల జీడిపప్పు, రేపల్లె వాళ్ళు నిజాంపట్నం రొయ్యలు తెచ్చి పెట్టే పచ్చడి ఒకే అట్టపెట్టెలో సర్ది హైదరాబాదు పంపిన రోజులున్నాయి. చీరాల చీరలు తెచ్చి అమ్మే సంఘాలు కూడా మనలో ఉన్నాయి. చాలావరకు వాట్సాప్ ఆర్డర్లే. ఫోటో పెడతాం, వాళ్ళు ఫోన్‌పేనో గూగుల్‌పేనో కొడతారు, మనం స్పీడ్ పోస్టులోనో కొరియర్లోనో పంపుతాం. చీరలవాళ్ళు అమ్మకాల యాప్‌ల్లో కూడా పెడుతున్నారు. జి.ఎస్.టి. నంబరు లేని చిన్న అమ్మకందార్లు సొంత రాష్ట్రం లోపల యాప్‌ల ద్వారా అమ్ముకోవచ్చని 2023 అక్టోబర్ 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. వాళ్ళకి ఆ దారి అలా దొరికింది.

ముందుగా ఒక మాట. డబ్బు వెనక్కి అడిగేవాళ్ళలో ఎక్కువమంది నిజం చెప్పేవాళ్ళే. మూత వదులై నూనె కారిపోవడం, సున్నుండలు దారిలో పొడైపోవడం, కారం తక్కువ అన్నవాళ్ళ సీసా కారం ఎక్కువ అన్నవాళ్ళకి వెళ్ళడం, ఇవన్నీ మన చేతుల్లో జరిగేవే. అప్పుడు వెనక్కి ఇవ్వడం దయ కాదు, బాధ్యత. 2020లో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల్లో ఇది రాసే ఉంది. సరుకు పాడైనా, లోపం ఉన్నా, చూపించింది ఒకటై పంపింది ఇంకోటైనా, చెప్పిన గడువు దాటిపోయి చేరినా, వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అని అమ్మేవాళ్ళు అనడానికి లేదు. "మాది చిన్న సంఘం, మాకు ఇవన్నీ ఎందుకు" అని ఒక పెద్దమ్మ అడిగింది. చిన్న సంఘమైనా కొన్నావిడ ఇచ్చింది పెద్ద నోటే కదా అని మేము అన్నాం. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ "ఇక ఎవరికీ రూపాయి వెనక్కి ఇవ్వక్కర్లేదు" అనుకుని వెళ్ళొద్దు. 

ఇప్పుడు మోసం సంగతి.

సంక్రాంతి ముందు మా సంఘానికే ఒక ఆర్డరు వచ్చింది. రెండు కిలోల సున్నుండలు, 1,400 రూపాయలు. అడిగినతను మర్యాదగానే మాట్లాడాడు. బెల్లంతో చేస్తారా పంచదారతోనా, నెయ్యి ఇంటిదేనా, పొట్టు మినుములేనా అని అన్నీ అడిగాడు. పది నిమిషాలకి మళ్ళీ ఫోను. "అక్కా, కంగారులో ఒక సున్నా ఎక్కువ కొట్టేశాను. మీకు 14,000 వచ్చేసింది. మిగతా 12,600 నేను చెప్పే నంబరుకి వేసేయండి. అమ్మని ఆసుపత్రిలో చేర్చాం, ఇప్పుడే బిల్లు కట్టాలి" అన్నాడు. ఫోనులో చూస్తే మెసేజ్ కూడా ఉంది. మీ ఖాతాలో 14,000 జమ అయింది అని, అచ్చం బ్యాంకు మెసేజ్ లాగే.

ఆ ఫోను ఎత్తిన మా చెల్లెలు ఆసుపత్రి మాట వింటే ఆగలేని మనిషి. అయినా ఏమందంటే, "అన్నా, డబ్బు వెనక్కి పంపడం నా ఒక్కదాని చేతిలో లేదు. మా రెండో లీడరు చూసి సరేనంటేనే పోతుంది. పావుగంట ఆగండి" అంది. అంతే, అప్పటిదాకా అక్కా అన్నవాడు "ఏంటి, నా డబ్బు తినేద్దామనుకుంటున్నావా, పోలీసులకి చెబుతా" అని మొదలుపెట్టాడు. రెండో లీడరు వచ్చి యాప్‌లో బ్యాలెన్సు చూస్తే పద్నాలుగు వేలు కాదు గదా, పద్నాలుగు వందలు కూడా పడలేదు. ఆ మెసేజ్ వచ్చింది మామూలు పది అంకెల ఫోను నంబరు నుంచి. బ్యాంకు మెసేజ్‌లు అక్షరాల పేరుతో వస్తాయి, పది అంకెల నంబరు నుంచి రావు. ఈ తేడా అందరం గుర్తుపెట్టుకోవాలి. అసలు మెసేజ్‌నే నమ్మకుండా బ్యాలెన్సు చూసుకోవడం ఇంకా మంచిది. కిరాణా కొట్లో అయితే డబ్బు పడగానే డబ్బా అరిచి చెబుతుంది. మన వంటింట్లో ఆ డబ్బా లేదు, చేతులు పిండిలో ఉంటాయి, మెసేజ్ చూసి పడిందనుకుంటాం.

ఈ "రెండో లీడరు" అన్న మాట మేము కొత్తగా కనిపెట్టింది కాదు. సంఘం ఖాతాలోంచి 500 తీయాలన్నా సమావేశంలో అనుకోవాలి, తీర్మానం పుస్తకంలో రాయాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. వెలుగు రోజుల నుంచి మన అమ్మలు, అత్తలు అలాగే చేశారు. సంతకం రాక వేలిముద్ర వేసిన పెద్దవాళ్ళు కూడా ఈ నియమం తప్పలేదు. అదే డబ్బు ఫోనులోకి వచ్చేసరికి ఒక్క మనిషి, ఒక్క వేలు, ఒక పిన్ నంబరు అయిపోయింది. తీర్మానం లేదు, రెండో సంతకం లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద మూకుడు ఉండగానే పన్నెండు వేలు వెళ్ళిపోవచ్చు. మోసం చేసేవాడికి కావలసింది కూడా అదే. మనిషి ఒంటరిగా ఉండాలి, కంగారుపడాలి. ఆసుపత్రి అన్నా, పోలీసు అన్నా, ఇప్పుడే బస్సు ఎక్కుతున్నా అన్నా, అన్నీ పక్క మనిషిని అడగనీయకుండా చేయడానికే.

అందుకని మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. డబ్బు తీసుకోవడానికి ఒకరు చాలు. వెనక్కి పంపడానికి ఇద్దరు కావాలి. ఇద్దరిలో ఒకరు ఆ కొన్నవాళ్ళతో మాట్లాడని మనిషి అయి ఉండాలి. ఈ చివరి ముక్క ముఖ్యం. మాట్లాడిన మనిషికి జాలో కోపమో ఏదో ఒకటి పట్టుకుంటుంది. మాట్లాడని మనిషి లెక్క మాత్రమే చూస్తుంది.

ఇలా చేస్తే ఆలస్యమై మంచి కొనుగోలుదారులు పోతారేమో అని బాపట్ల అక్కలు అడిగారు. మా వరకు అలా ఎవరూ పోలేదు. నిజంగా పచ్చడి కారిపోయినావిడ సాయంత్రం దాకా ఆగుతుంది. విసుక్కుంటుంది గానీ ఆగుతుంది. 

రెండోది ఇంతకంటే పెద్దది, ఇది వినండి. రేపల్లె వైపు ఒక సంఘంలో జరిగింది. ఆ అక్కలు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాం, సంఘం పేరు మాత్రం చెప్పం. ఒకతను ఏదో ఫంక్షన్ అని చెప్పి రొయ్యల పచ్చడి ఎక్కువ మొత్తంలో ఆర్డరు పెట్టి 18,000 పంపాడు. ఈసారి డబ్బు నిజంగానే పడింది. బ్యాలెన్సు చూశారు, ఉంది. మర్నాడు ఫోను చేసి, ఫంక్షన్ ఆగిపోయింది, ఆర్డరు వద్దు, మీ శ్రమకి ఒక వెయ్యి ఉంచుకుని మిగతాది మా తమ్ముడి నంబరుకి వేయండి అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నారు. రొయ్యలు ఇంకా కొనలేదు కాబట్టి నష్టం ఏం లేదు, వెయ్యి కూడా వద్దులే అని మొత్తం 18,000 ఆ తమ్ముడి నంబరుకి పంపేశారు. న్యాయంగా బతికేవాళ్ళు ఎవరైనా అలాగే చేస్తారు.

కొద్ది రోజులకి ఆ ఖాతాలోంచి డబ్బు తీయబోతే రాలేదు. బ్యాంకుకి వెళ్తే, ఈ ఖాతా మీద సైబర్ ఫిర్యాదు ఉంది, ఆపేశాం అన్నారు. జరిగింది ఏంటంటే, ఆ 18,000 ఆర్డరు పెట్టినవాడి సొమ్ము కాదు. వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి, వాళ్ళ ఖాతాలోంచి నేరుగా మన సంఘం ఖాతాలోకి కొట్టించాడు. మన చేత తన మనిషికి పంపించుకున్నాడు. డబ్బు పోయినాయన 1930కి ఫోను చేశాడు. పోలీసులు డబ్బు అడుగుజాడ పట్టుకుని వెళ్తే మొదట తగిలింది మన రేపల్లె అక్కల ఖాతా. వాళ్ళ కంటికి దొంగ డబ్బు దాచింది ఈమే. మురుగు నీళ్ళు మన గట్టు మీదుగా పారించి, బురద మనకి అంటించి పోయినట్టు.

అది సంఘం ఖాతా కూడా కాదు, ఫోనుకి జతచేసిన లీడరు సొంత ఖాతా. పిల్లవాడి తల్లికి వందనం డబ్బు పడేది అందులోనే, ఇంటి గ్యాసు సబ్సిడీ పడేది అందులోనే, పచ్చళ్ళ డబ్బు పడేది అందులోనే. అన్నీ ఆగిపోయాయి. సంఘం లోను వాయిదా తేదీ మీద పడింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. ఇంట్లో మాటలు వేరే. "పచ్చళ్ళ వ్యాపారం అన్నావు, పోలీసులని తెచ్చావు" అని.

తర్వాత ఎలా చక్కబెట్టుకున్నారో కూడా చెబుతాం, ఎవరికైనా పనికొస్తుంది. బ్యాంకులో గొడవపడలేదు. ఆ ఫిర్యాదు నంబరు ఏంటి, ఏ రాష్ట్రం ఏ పోలీసు స్టేషను అడిగిందో రాసివ్వమని అడిగి తీసుకున్నారు. ఆర్డరు వచ్చిన వాట్సాప్ మాటలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, డబ్బు వచ్చిన తేదీ, పంపిన తేదీ, రెండింటి లావాదేవీ నంబర్లు, ఆ తమ్ముడి నంబరు, అన్నీ ఒక ఉత్తరంగా రాసి ఆ స్టేషనుకి మెయిల్ చేయించారు, ఒక కాపీ బ్యాంకులో ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. యూపీఐలో ప్రతి చెల్లింపుకీ 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, అదే అక్కడ సాక్ష్యం. సమాఖ్య నుంచి మనవాళ్ళు తోడు వెళ్ళారు. ఖాతా తెరుచుకుంది గానీ, ఆ 18,000 మాత్రం ఇంకా ఆపే ఉంచారు. అంటే పంపింది ఒకసారి పోయింది, ఆగింది ఇంకోసారి. కేసు ఇంకా తేలలేదు.

కాబట్టి రెండో పద్ధతి: డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోవాలి. ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, అదే యూపీఐ పేరుకే. తమ్ముడైనా, తల్లైనా, వేరే నంబరుకి కుదరదు. "ఆ ఖాతా ఇప్పుడు పనిచేయడం లేదు" అంటే, మీ బ్యాంకుకి వెళ్ళి చెప్పుకోండి అనాలి. నిజంగా పొరపాటున పంపినవాళ్ళకి దారి ఉంది. తాము వాడిన యాప్‌లోనో, తమ బ్యాంకులోనో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. వాళ్ళ బ్యాంకు మన బ్యాంకుని అడుగుతుంది, మనం ఒప్పుకుంటే వెనక్కి వెళ్తుంది. ఈ మాట చెప్పగానే నిజమైనవాళ్ళు "అలాగేనమ్మా" అంటారు. మోసగాడు ఇక ఫోను చేయడు.

అలాగని వేరే నంబరు అడిగిన ప్రతివాళ్ళూ దొంగలు కారు. డల్లాస్‌లో ఉన్న ఒకమ్మాయి విజయవాడలో ఉన్న వాళ్ళమ్మ కోసం జీడిపప్పు, సున్నుండలు ఆర్డరు పెట్టింది. డబ్బు హైదరాబాదులో స్నేహితురాలి చేత వేయించింది. పెట్టె వానకి తడిసి చేరింది, డబ్బు వాళ్ళమ్మ ఖాతాకి వేయమంది. మేము స్నేహితురాలి ఖాతాకే వేస్తామన్నాం. ఆ అమ్మాయికి కోపం వచ్చింది. "అమ్మ దగ్గర కూడా మోసం ఉంటుందా" అంది. రేపల్లె సంగతి మొత్తం రాసి పంపాం. అప్పుడు సరేనంది. తర్వాత మళ్ళీ ఆర్డరు పెట్టింది, ఈసారి తడవకుండా లోపల ప్లాస్టిక్ సంచీ వేయమని కూడా చెప్పింది. అది మంచి సలహా, అప్పటినుంచి అందరికీ వేస్తున్నాం.

స్కాన్ చేయమనే మోసం మీద ఎక్కువ చెప్పం, ఎస్సై గారు పోయిన సమావేశంలో చెప్పారు. బాపట్లలో జీడిపప్పు సంఘానికి మిలిటరీ క్యాంటీనుకి ఇరవై కిలోలు కావాలని ఫోను వచ్చింది. కార్డు ఫోటో పెట్టాడు, యూనిఫాంలో ఉన్న ఫోటో పెట్టాడు. తర్వాత ఆర్డరు రద్దయింది, మీకు నష్టపరిహారం ఇస్తాం, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. మనకి డబ్బు రావడానికి మన పిన్ ఎందుకు? పిన్ కొట్టామంటే మన డబ్బు బయటికి పోతున్నట్టే, వచ్చేది ఎప్పుడూ ఉండదు. మనుషులు ఒకరికొకరు యూపీఐలో డబ్బు అడుగుతూ పంపే రిక్వెస్టులని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు గానీ, కోడు స్కాన్ చేయించే పద్ధతి ఇంకా పోలేదు.

ఇక చిన్న చిన్న మొత్తాలు. ఇక్కడే మాకు ఎక్కువ తర్జనభర్జన. సీసా పగిలింది, వాసన వచ్చింది, తూకం తక్కువ ఉంది, పెట్టె ఖాళీగా వచ్చింది అంటారు. కొంతమంది అలవాటుగా అంటారు. మా దగ్గర ఒకే పగిలిన సీసా ఫోటో రెండు వేర్వేరు నంబర్ల నుంచి వచ్చింది. సీసా కింద బల్లకి వేసిన పూల గుడ్డ కూడా అదే.

మేము ఇప్పుడు చేసేది ఇది. ప్రతి సీసా మూత మీద ఆ రోజు తేదీ, తయారీ నంబరు చేత్తో రాస్తాం. మూతకీ సీసాకీ కలిపి అంటించే కాగితం పట్టీ మీద సంఘం ముద్ర సగం మూత మీద, సగం సీసా మీద పడేలా వేస్తాం. పెట్టె మూసే ముందు ఒక ఫోటో, మూశాక కాటా మీద ఇంకో ఫోటో. స్పీడ్ పోస్టు రసీదు మీద బరువు అచ్చవుతుంది, పార్శిల్ నంబరు ఉంటుంది. ఆ రసీదు పారేయకుండా ఆర్డర్ల పుస్తకంలో అంటిస్తాం. ఖాళీ పెట్టె వచ్చింది అన్నవాళ్ళకి "అయ్యో, పోస్టాఫీసులో రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగిందండీ, దారిలో ఏమైందో కనుక్కుంటాం, పెట్టె ఫోటో, చిరునామా కాగితం కనిపించేలా పంపండి" అంటాం. ఇందులో అబద్ధం అన్న మాట ఎక్కడా లేదు. నిజమైతే ఫోటో పంపుతారు, మనం పోస్టాఫీసులో ఫిర్యాదు పెడతాం. కాకపోతే అక్కడితో ఆగుతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు.

పగిలిందన్నవాళ్ళని మూత మీద రాసిన నంబరు కనిపించేలా ఫోటో తీయమంటాం. పూల గుడ్డ ఫోటోవాళ్ళకి ఆ నంబరు చూపించమంటే, పారేశామన్నారు. రెండో ఆవిడకీ అదే అడిగితే ఆవిడా పారేశామంది. సరేనమ్మా అని వదిలేశాం. డబ్బు పంపలేదు, తిట్టలేదు.

అయితే మేము మొండికేసి ప్రతి రెండు వందల దగ్గరా విచారణ పెట్టడం లేదు. మొదటిసారి కొన్నవాళ్ళు, చిన్న మొత్తం, మాట నమ్మేలా ఉంటే ఫోటో లేకపోయినా ఇచ్చేస్తున్నాం. అదే నంబరు నుంచి రెండోసారి వస్తే అప్పుడు అన్నీ అడుగుతాం. దీని మీద మా సంఘంలో ఏకాభిప్రాయం లేదు, ఉన్నమాట చెబుతున్నాం. మా కోశాధికారి ఇప్పటికీ "రెండు వందలు రెండు కిలోల మినుములు కావా" అంటుంది. ఆవిడ మాటా నిజమే. కానీ రెండు వందల కోసం ఒక మంచి ఇల్లాలిని దొంగని చేస్తే ఆవిడ వీధిలో ఇక ఎవరూ కొనరు. మేము ఆ లెక్క వేసుకున్నాం.

చీరల సంఘాలకి ఇంకో రకం. యాప్‌లో కొన్న చీర వెనక్కి వస్తుంది, సంచీ విప్పితే మనం పంపిన చీర కాదు, కట్టి ఉతికిన పాత చీర. లేకపోతే మనదే, కానీ పెళ్ళికి కట్టి పసుపు మరక పెట్టి పంపుతారు. వాళ్ళు ఇప్పుడు చీర లోపలి కొంగు చివర, కట్టుకుంటే కనిపించని చోట, ఒక రంగు దారంతో రెండు కుట్లు వేస్తున్నారు. ఏ చీరకి ఏ రంగు అన్నది పుస్తకంలో రాసుకుంటున్నారు. వెనక్కి వచ్చిన సంచీని ఎవరూ ఒంటరిగా విప్పరు. ఒకరు విప్పుతుంటే ఒకరు వీడియో తీస్తారు, మొదట చిరునామా కాగితం, తర్వాత అంటించిన టేపు, తర్వాత చీర, మధ్యలో ఆపకుండా. యాప్ వాళ్ళకి ఫిర్యాదు పెట్టడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది, అందుకని వచ్చిన రోజే విప్పాలి. శ్రావణమాసం హడావుడిలో సంచులు మూలన పడేసి పది రోజుల తర్వాత విప్పితే మన మాట ఎవరూ వినరు.

మాట గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్ళు అమ్మేవాళ్ళ వాయిస్ మెసేజ్ ఒకటి ఫోన్లన్నిట్లో తిరిగింది, మీరంతా విన్నారు. ధర ఎక్కువ అన్న కొనుగోలుదారుని తిట్టిన మాటలవి. పచ్చడి ఎలా ఉందో ఎవరూ అడగలేదు, ఆ మాటలే మిగిలాయి. మోసగాడితో మాట్లాడేటప్పుడు మనకి ఒళ్ళు మండుతుంది, సహజం. కానీ అవతలివాడు మోసగాడో కాదో అప్పటికి తేలదు. అందుకని డబ్బు వెనక్కి అడిగినప్పుడు మేము వాయిస్ పంపం, ఫోనులో వాదించం. రాసి పంపుతాం. ఒకటే మాట రాసుకుని పెట్టుకున్నాం: "నమస్కారమండీ. మీ ఇబ్బంది మాకు అందింది. మా సంఘంలో ఇద్దరం చూసి రేపటిలోగా చెబుతాం. ఇవ్వవలసింది ఉంటే మీరు డబ్బు పంపిన ఖాతాకే వస్తుంది." ఇది కావలసినవాళ్ళు బయట బల్ల దగ్గర రాసుకోండి, లేదా మా నంబరుకి హాయ్ అని పెడితే పంపుతాం.

చివరికి ఒక కష్టమైన సంగతి. బాపట్ల దగ్గర ఒక చెల్లెలు ఇలాగే ఆరు వేలు పంపేసింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారని భయం. సంఘంలో చెబితే అప్పు ఇవ్వరేమోనని భయం. తన చెవి కమ్మలు కుదువ పెట్టి ఆ ఆరు వేలు సంఘం లెక్కలో కట్టేసింది. కమ్మలు లేకపోవడం చూసి వాళ్ళ అత్తగారే కనిపెట్టింది. ఆ అత్తగారు తిట్టలేదు, చేయి పట్టుకుని సమాఖ్య ఆఫీసుకి తీసుకొచ్చింది. కానీ వారం దాటిపోయింది. 1930కి వెంటనే ఫోను చేస్తే, ఆ డబ్బు అవతలి ఖాతాలో ఇంకా ఉంటే, ఆపగలుగుతారు. వాడు తీసేసుకున్నాక ఫిర్యాదు నంబరు మాత్రమే మిగులుతుంది. మనది ఏ జిల్లా, ఏ స్టేషను అని వెతుక్కోనక్కర్లేదు, దేశమంతా అదే నంబరు. ఫోను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ జీవోవి డాట్ ఇన్‌లో రాయించాలి. మన సంఘాల్లో బుక్‌కీపర్లకి అది చేయడం వచ్చు.

ఆ చెల్లెలి కమ్మలు విడిపించడానికి మూడు ఊళ్ళ సంఘాలూ కలిసి అంతర్గత అప్పు ఇచ్చాయి, వడ్డీ లేకుండా. ఇది నివేదికలో లేదు, మేమే రాయొద్దన్నాం. ఇప్పుడు ఆ చెల్లెలే చెప్పమంది.

మా వినతి మూడు మాటలు. ప్రతి సంఘానికీ అమ్మకాల కోసం విడిగా ఒక ఖాతా తెరిపించాలి, లీడరు సొంత ఖాతాకి ఫోను జతచేయడం ఆపాలి. డబ్బు వెనక్కి ఇచ్చిన ప్రతిదీ రాయడానికి సమాఖ్య ఒకే రకం పుస్తకం అచ్చు వేయించి ఇవ్వాలి, అందులో రెండో సంతకానికి గడి ఉండాలి. మోసపోయిన సభ్యురాలికి ఆ కారణంతో అప్పు ఆపకూడదని తీర్మానం చేయాలి. మొదటి రెండూ ఆఫీసు వాళ్ళు చూస్తామన్నారు. మూడోది మనమే చేయాలి. ఆ తీర్మానం పుస్తకం భోజనాల బల్ల పక్కన పెట్టాం, అన్నం తినేముందే సంతకాలు పెట్టండి, తిన్నాక పెడితే పేజీలకి పప్పు అంటుతోంది.